డీజిల్ ఇంజన్ హెడ్ మార్చేటప్పుడు టైమింగ్ తప్పకుండా చూసుకోవడం ఎలా?

సిలిండర్ హెడ్ మార్చే పనిలో బరువు మోయడం, బోల్టులు విప్పడం, గాస్కెట్ గీకడం లాంటి ఒళ్ళు నొప్పి పనులే ఎక్కువ. ఇంజన్‌ను ముంచేది మాత్రం వాటిలో ఏదీ కాదు. పిస్టన్లతో తిరిగే క్రాంక్, వాల్వులను తెరిచే క్యామ్, డీజిల్ పంపు - ఈ మూడు షాఫ్టుల మధ్య ఒక లెక్క ఉంటుంది. చాలా ఇంజన్లలో హెడ్ దించేటప్పుడు ఆ లెక్క తెగుతుంది, హెడ్ ఎక్కించాక మళ్ళీ కలపాలి. సరిగ్గా కలవకపోతే కొత్త హెడ్‌లో వాల్వులు మొదటి సెల్ఫ్‌కే వంగిపోవచ్చు.

పుల్లీల మీద ఉండే మార్కులే టైమింగ్ అని చాలామంది అనుకుంటారు. మార్కులు సాక్ష్యం మాత్రమే, అది కూడా కొన్నిసార్లు దొంగ సాక్ష్యం. అసలు టైమింగ్ అంటే ఒకటో పిస్టన్ ఎక్కడుంది, ఆ క్షణంలో వాల్వులు ఎక్కడున్నాయి, డీజిల్ ఎప్పుడు పడుతోంది అన్నదే. ఈ గైడ్ అంతా ఆ మూడింటినీ మార్కులతో పని లేకుండా కూడా రుజువు చేసుకోవడం ఎలాగన్న దాని గురించే.

డీజిల్‌లో తప్పుకు చోటెందుకు ఉండదు

డీజిల్ ఇంజన్‌లో కంప్రెషన్ నిష్పత్తి సాధారణంగా 15 నుంచి 23 దాకా ఉంటుంది. అంత నొక్కాలంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్‌కు, పిస్టన్‌కు మధ్య మిగిలే సందు చాలా ఇంజన్లలో ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పిస్టన్ పైన ఉన్న సమయంలో వాల్వు బాగా తెరుచుకుని ఉందంటే రెండూ ఢీకొంటాయి. అంతే కాదు, డీజిల్‌లో స్పార్క్ ప్లగ్ లేదు. ఇంధనం ఎప్పుడు పడితే అప్పుడే మంట. అందుకే ఇక్కడ వాల్వ్ టైమింగ్, ఇంజెక్షన్ టైమింగ్ అని రెండు విడివిడి పనులున్నాయి. ఒకటి సరిపోయిందంటే రెండోది కూడా సరిపోయినట్టు కాదు.

ఒక పన్ను తప్పితే ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. క్రాంక్ స్ప్రాకెట్‌కు (పళ్ళ చక్రానికి) 20 పళ్ళు, క్యామ్ స్ప్రాకెట్‌కు 40 పళ్ళు అనుకుందాం. ఒక పన్ను పక్కకు పడితే క్యామ్ 9 డిగ్రీలు, అంటే క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు తప్పినట్టు. ఇంజెక్షన్ టైమింగ్‌ను మనం ఒకటి రెండు డిగ్రీల తేడాతో సెట్ చేసుకునే ఇంజన్‌లో 18 డిగ్రీలు చిన్న విషయం కాదు.

ముందు మీ ఇంజన్ ఏ రకమో తేల్చుకోండి

పని ఎంత కష్టమో ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

క్యామ్ బ్లాకులో కింద ఉండి, పుష్‌రాడ్లు అనే కడ్డీలు, వాల్వులను నొక్కే రాకర్లను ఎత్తే ఇంజన్ అయితే మీరు అదృష్టవంతులు. పాత ట్రాక్టర్లు, జనరేటర్లు, చాలా లారీ ఇంజన్లు ఇలాంటివే. టైమింగ్ గేర్లు ముందు కవర్ వెనక, బ్లాకులోనే ఉంటాయి. హెడ్ దించినా వాటి జోలికి వెళ్ళే అవసరం లేదు. పంపు కూడా అదే గేర్లతో తిరుగుతుంటే దాని బోల్టులు ముట్టుకోకండి. "ఎలాగూ విప్పాం కదా" అని పంపు కూడా దించేసి లేని తలనొప్పి తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు. ఈ రకంలో మీరు చూసుకోవాల్సింది పుష్‌రాడ్లు ఏ చోటివి ఆ చోటికే వెళ్ళాలన్నది, ఆ తర్వాత ట్యాపెట్ సెట్టింగ్, అంటే రాకర్‌కు, వాల్వుకు మధ్య గ్యాపు సరిచేయడం. ఒక అట్టముక్కకు వరసగా చిల్లులు పొడిచి, నంబర్లు రాసి, పుష్‌రాడ్లు వాటిలో గుచ్చి ఉంచండి. రాకర్ షాఫ్ట్ బిగించే ముందు అడ్జస్టర్ స్క్రూలన్నీ వదులు చేసుకోండి. పుష్‌రాడ్ కింది కొన, క్యామ్ మీద కూర్చునే ట్యాపెట్ గుంటలో కూర్చుందో లేదో ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూశాకే బోల్టులు లాగాలి. లేకపోతే బిగిస్తుండగానే రాడ్ వంగుతుంది.

క్యామ్ హెడ్ మీదే ఉండి బెల్టుతోనో చైనుతోనో తిరిగే ఇంజన్ అయితే హెడ్ దించాలంటే ఆ బంధం తెంచక తప్పదు. మిగతా గైడ్ చాలా వరకు వీటి కోసమే. క్యామ్ హెడ్ మీద ఉండి గేర్ల వరసతో తిరిగే పెద్ద ఇంజన్లు కూడా ఉన్నాయి. వాటిలో మధ్య గేరు మార్కులు చాలా చుట్లకు ఒకసారి గానీ కలవవు. క్రాంక్, క్యామ్ సరైన చోట ఉండి మధ్య గేరు మార్కు ఎక్కడో ఉంటే కంగారు పడకండి.

ఇక పంపు. రోటరీ పంపు, ఇన్‌లైన్ పంపు అయితే డీజిల్ ఎప్పుడు పడాలో పంపే నిర్ణయిస్తుంది కాబట్టి దాని టైమింగ్ తప్పనిసరి. కామన్ రైల్ అయితే పంపు ఒత్తిడి మాత్రమే పెంచుతుంది. ఎప్పుడు పడాలన్నది క్రాంక్, క్యామ్ సెన్సార్లను చూసి ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) నిర్ణయిస్తుంది. అలాగని కామన్ రైల్ పంపు స్ప్రాకెట్‌ను ఎలా పడితే అలా తగిలించకూడదు. కొన్ని కంపెనీలు దానికి కూడా ఒక స్థానం చెబుతాయి. మీ ఇంజన్ కోడ్‌కు చెందిన మాన్యువల్ చూడండి. బండి పేరు ఒకటే అయినా ఇంజన్ కోడ్ మారితే షాఫ్టులను టైమింగ్ స్థానంలో నిలిపే పిన్నులు, బోల్టులు ఎంత బిగించాలో చెప్పే టార్క్ విలువలు మారిపోతాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

మీ ఇంజన్‌కు తగిన లాకింగ్ పిన్నుల సెట్టు, టార్క్ రెంచ్, యాంగిల్ గేజ్, డయల్ గేజ్, ఫీలర్ గేజ్, నాణ్యమైన స్ట్రెయిట్ ఎడ్జ్, స్ప్రాకెట్ కదలకుండా పట్టుకునే హోల్డర్, పెయింట్ పెన్ను. డ్రిల్ బిట్టునో, చేతికి దొరికిన బోల్టునో పిన్నుగా వాడటం మామూలే. కానీ సన్నగా ఉన్న పిన్ను వదులుగా దిగుతుంది, ఆ వదులే మీ టైమింగ్‌లో తేడాగా మారుతుంది. పిన్నుల సెట్టు ఖర్చు హెడ్ ఖర్చుతో పోలిస్తే ఏ మూలకూ రాదు.

విప్పక ముందు: ఒకటో సిలిండర్ టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన స్థానం)

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. బ్యాటరీ తీసెయ్యండి, కూలెంట్ దించండి. గ్లో ప్లగ్‌లు తీసేస్తే కంప్రెషన్ అడ్డు లేకుండా ఇంజన్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది. క్రాంక్ బోల్టుకు సాకెట్ పెట్టి, ఇంజన్ నడిచే దిశలోనే తిప్పండి. క్యామ్ బోల్టు పట్టుకుని తిప్పకండి. మార్కు దాటిపోతే వెనక్కి లాగొద్దు. ఇంకో రెండు చుట్లు తిప్పి మళ్ళీ మార్కు దగ్గరకు రండి. వెనక్కి లాగితే బెల్టులో, చైనులో ఉన్న వదులు అటు మారి మార్కు అబద్ధం చెబుతుంది.

టీడీసీ రెండు రకాలు. క్రాంక్ మార్కు రెండు చుట్లలో రెండుసార్లు కలుస్తుంది. ఒకసారి ఒకటో సిలిండర్ కంప్రెషన్ చివర, ఇంకోసారి ఎగ్జాస్ట్ చివర. మనకు కావాల్సింది మొదటిది. తేడా కనిపెట్టడానికి వాల్వ్ కవర్ తీసి చూడండి. 1-3-4-2 ఫైరింగ్ ఆర్డర్ ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒకటో సిలిండర్ కంప్రెషన్ మీద ఉంటే, నాలుగో సిలిండర్ వాల్వులు ఊగుతుంటాయి. అంటే ఎగ్జాస్ట్ మూసుకుంటూ, ఇన్లెట్ తెరుచుకుంటూ ఉంటుంది. క్రాంక్‌ను అటూ ఇటూ కొంచెం కదిపితే ఒకటి లేస్తుంది, ఇంకోటి దిగుతుంది. 1-5-3-6-2-4 ఆర్డర్ ఉన్న ఆరు సిలిండర్ల ఇంజన్‌లో ఆరోదాన్ని చూడాలి. మూడు సిలిండర్ల ఇంజన్‌కు ఇలాంటి జోడీ ఉండదు. ఒకటో సిలిండర్ క్యామ్ లోబులు (వాల్వులను నొక్కే ఉబ్బులు) రెండూ వాల్వులను తాకకుండా పక్కకు తిరిగి ఉన్నాయా అని నేరుగా చూసుకోండి.

ఇప్పుడు పిన్నులు పెట్టండి. క్రాంక్ పిన్ను, క్యామ్ పిన్ను, ఉంటే పంపు పిన్ను. మూడూ వేళ్ళతో నెడితే దిగాలి. సుత్తి అవసరమైతే టైమింగ్ ముందే తప్పి ఉందని అర్థం. బెల్టు పాతబడి సాగి ఉండొచ్చు, చైను అరిగి ఉండొచ్చు, ఇంతకుముందు ఎవరో ఒక పన్ను తప్పించి ఉండొచ్చు. ఎంత తేడా ఉందో, ఏ పక్కకు ఉందో ఫొటో తీసి రాసి పెట్టుకోండి. పాత హెడ్ ఎందుకు పోయిందో దీనివల్ల తెలిసే అవకాశం కూడా ఉంది.

బెల్టు మీద, స్ప్రాకెట్ల మీద సొంతంగా పెయింటు గీతలు పెట్టుకోవడం మంచి అలవాటే. కానీ ఆ గీతలు ఇంజన్ నిన్న ఎలా ఉందో చెబుతాయి, ఎలా ఉండాలో చెప్పవు. పిన్నులు దిగని ఇంజన్‌లో పెయింటు గీతలను నమ్మితే పాత తప్పునే జాగ్రత్తగా మళ్ళీ బిగించినట్టవుతుంది.

బెల్టు లేదా చైను తప్పించడం

పిన్నులు స్థానం చూపించడానికే గానీ బలం కాయడానికి కాదు. క్యామ్ స్ప్రాకెట్ బోల్టు వదులు చేసేటప్పుడు హోల్డర్‌తో స్ప్రాకెట్‌ను పట్టుకోవాలి. పిన్ను మీద బలం వేస్తే పిన్ను విరగొచ్చు, అది దిగిన చెవి పగలొచ్చు. రెండింట్లో ఏది జరిగినా రోజు పాడైనట్టే.

బెల్టు ఇంజన్‌లో బిగువు పెట్టే టెన్షనర్ వదులు చేసి బెల్టు తీసేయండి. బెల్టు తీస్తున్నప్పుడు క్యామ్‌ను, పంపును వాల్వ్ స్ప్రింగులు, పంపు లోపలి స్ప్రింగు ఒక పక్కకు తోస్తుంటాయి. పిన్ను లేకపోతే స్ప్రాకెట్ ఒక్కసారిగా దూకుతుంది. తీసిన బెల్టు మళ్ళీ వాడొద్దు. టెన్షనర్, బెల్టుకు దారి చూపే ఐడ్లర్ చక్రాలు కూడా కొత్తవే వేయండి. వాటర్ పంపు అదే బెల్టుతో తిరుగుతుంటే దాన్ని కూడా ఇప్పుడే మార్చడం తెలివైన పని.

చైను ఇంజన్‌లో జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి. ముందు టెన్షనర్ పూర్తిగా బయటికి తీయాలి. చాలా టెన్షనర్లలో ర్యాచెట్ ఉంటుంది. చైను వదులైన క్షణంలో టెన్షనర్ లోపలి పిస్టన్ ముందుకు వచ్చేసి మళ్ళీ వెనక్కి వెళ్ళదు. దాన్ని విప్పి, రీసెట్ చేసి మాత్రమే తిరిగి వేయాలి. తర్వాత చైనును క్యామ్ స్ప్రాకెట్‌కు రెండు చోట్ల కేబుల్ టైలతో కట్టండి. ఏ లింకు ఏ పన్ను మీద ఉందో పెయింటు పెట్టండి. స్ప్రాకెట్‌ను క్యామ్ నుంచి జరిపాక చైనును తీగతో పైకి లాగి కట్టి ఉంచాలి. చైను లోపలికి జారి క్రాంక్ స్ప్రాకెట్ మీద వదులైతే ముందు కవర్ విప్పాల్సి వస్తుంది. కొన్ని ఇంజన్లలో చైను గైడును పట్టుకునే పిన్ను హెడ్‌లోంచి వెళ్తుంది. హెడ్ బోల్టులన్నీ తీసినా హెడ్ లేవకపోతే లీవరు పెట్టి పీకకండి, ఆ పిన్ను ఉందేమో చూడండి.

కొత్త చైన్లలో ఉండే రంగు లింకుల గురించి ఒక మాట. అవి కొత్తగా బిగించేటప్పుడు వాడుకోవడానికే. ఇంజన్ రెండు చుట్లు తిరిగాక రంగు లింకులు మార్కుల దగ్గర ఉండవు. మళ్ళీ కలవాలంటే చాలా చుట్లు పడుతుంది. "లింకు కలవలేదు" అని సరిగ్గా ఉన్న చైనును విప్పి మళ్ళీ వేసేవాళ్ళు ఈ విషయం తెలియకే అలా చేస్తారు.

హెడ్ దించాక చేసుకోవాల్సినవి

బోల్టులు బయటి నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా వదులు చేయండి. క్యామ్ ఇంకా హెడ్ మీదే ఉంటే కొన్ని వాల్వులు కిందికి పొడుచుకుని ఉంటాయి. హెడ్‌ను బల్ల మీద బోర్లా పెట్టొద్దు, రెండు చెక్కముక్కల మీద ఆనించండి.

క్రాంక్ తిప్పాలనిపిస్తే ముందు రెండు విషయాలు చూసుకోండి. చైను లోపల వేలాడుతుంటే దాన్ని బిగువుగా పట్టుకోకుండా తిప్పకూడదు. వెట్ లైనర్ల (కూలెంట్ నేరుగా తగిలే, విడిగా తీయగల సిలిండర్ గొట్టాల) ఇంజన్ అయితే లైనర్లను క్లాంపులతో నొక్కి ఉంచకుండా తిప్పకూడదు. లేకపోతే పిస్టన్‌తో పాటు లైనర్ కూడా లేచి కింది సీలు దెబ్బతింటుంది.

హెడ్ దిగి ఉన్నప్పుడే టీడీసీని కళ్ళారా రుజువు చేసుకునే అవకాశం దొరుకుతుంది. ఈ అవకాశాన్ని వదులుకోవద్దని నా గట్టి సలహా. కారణం ఏమిటంటే, చాలా క్రాంక్ పుల్లీలు ఒకే ముక్క కావు. లోపలి బొడ్డుకు, బయటి రింగుకు మధ్య రబ్బరు ఉంటుంది. ఏళ్ళు గడిచాక ఆ రబ్బరు వదిలి బయటి రింగు జరిగిపోవచ్చు. మార్కు బయటి రింగు మీద ఉంటే అది చూపించే టీడీసీ నిజమైన టీడీసీ కాదు.

డయల్ గేజ్‌ను ఒకటో పిస్టన్ తల మీద, వీలైనంత వరకు గజన్ పిన్నుకు (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్నుకు) సరిగ్గా పైన ఆనించండి. పిస్టన్ పైకొచ్చి ముల్లు ఆగిన చోటే టీడీసీ అనుకుంటే పొరపాటు. పైన పిస్టన్ దాదాపు కదలదు. 90 మి.మీ. స్ట్రోకు ఉన్న ఇంజన్‌లో టీడీసీ నుంచి ఒక డిగ్రీ తిప్పితే పిస్టన్ దిగేది సుమారు 0.01 మి.మీ. మాత్రమే. 5 డిగ్రీలకు సుమారు 0.2 మి.మీ. ముల్లు ఆగినట్టు కనిపించే చోటు రెండు మూడు డిగ్రీల వెడల్పు ఉంటుంది. అందుకని ఇలా చేయండి. టీడీసీకి ముందు పిస్టన్ 1 మి.మీ. కింద ఉన్నప్పుడు ఫ్లైవీల్ మీదో పుల్లీ మీదో ఒక గీత పెట్టండి. టీడీసీ దాటాక మళ్ళీ 1 మి.మీ. కిందికి వచ్చినప్పుడు ఇంకో గీత. రెండు గీతలకు సరిగ్గా మధ్యన ఉన్నదే అసలు టీడీసీ. కంపెనీ మార్కు దానితో కలిస్తే సరే. కలవకపోతే పుల్లీ మార్చాలి.

అదే గేజ్‌తో ఇంకో కొలత కూడా తీసుకోండి: పిస్టన్ బ్లాకు ముఖం కన్నా ఎంత పైకి వస్తుందో. డీజిల్ హెడ్ గాస్కెట్లు రెండు మూడు మందాల్లో వస్తాయి. అంచున ఉండే గాట్లు లేదా చిల్లులు ఏ మందమో చెబుతాయి. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, బ్లాకు మార్చకపోతే పాత గాస్కెట్‌కు ఎన్ని గుర్తులున్నాయో అన్నే ఉన్నది తీసుకోవాలి. బ్లాకులో పని జరిగి ఉంటే అన్ని పిస్టన్లనూ కొలిచి, అన్నింటికన్నా ఎక్కువ పైకి వచ్చే దాన్ని బట్టి మాన్యువల్ పట్టికలో చూసి ఎంచుకోవాలి.

హెడ్ ఫేసింగ్ (కింది ముఖాన్ని చదునుగా చెక్కడం) చేయించి వేస్తుంటే టైమింగ్ మీద దాని ప్రభావం తెలిసి ఉండాలి. చాలా అల్యూమినియం డీజిల్ హెడ్లకు కంపెనీలు ఫేసింగే ఒప్పుకోవు. ఒప్పుకున్న చోట, హెడ్ పల్చనైతే క్యామ్ క్రాంక్‌కు దగ్గరవుతుంది. బిగువు వైపు బెల్టులో పొడవు మిగిలి క్యామ్ కొంచెం వెనకబడుతుంది. 0.3 మి.మీ. తీశారనుకోండి, క్యామ్ స్ప్రాకెట్ వ్యాసార్థం 60 మి.మీ. అయితే క్యామ్ దగ్గర తేడా 0.3 డిగ్రీల లోపు, క్రాంక్ లెక్కలో సుమారు అర డిగ్రీ. స్ప్రాకెట్ బోల్టు చిల్లులు కోలగా ఉండే ఇంజన్లలో పిన్ను పెట్టి బిగిస్తే ఇది దానంతట అదే సర్దుకుంటుంది. కీతో స్థిరంగా కూర్చునే స్ప్రాకెట్ అయితే ఆ అర డిగ్రీ అలాగే ఉండిపోతుంది. దానికన్నా పెద్ద ప్రమాదం సందు తగ్గడం. వాల్వులు హెడ్ ముఖం నుంచి ఎంత లోపలికి ఉన్నాయో కొలవకుండా ఫేసింగ్ చేసిన హెడ్ ఎక్కించొద్దు.

కొత్త హెడ్‌ను పాతదాని పక్కన పెట్టి పోల్చండి. మందం, వాల్వుల లోతు, క్యామ్ ముందు కొనలో కీ లేదా డోవెల్ (స్థానం కుదిర్చే చిన్న పిన్ను) ఉన్న చోటు, క్యామ్ సెన్సార్ చదివే చక్రం ఆకారం. బయటికి ఒకేలా కనిపించే హెడ్లలో కూడా క్యామ్ వేరేది వచ్చే అవకాశం ఉంది.

హెడ్ ఎక్కించడం

బ్లాకులో బోల్టు చిల్లులు పొడిగా ఉండాలి. చిల్లు అడుగున నూనెనో నీళ్ళో మిగిలి ఉంటే బోల్టు బిగిస్తున్నప్పుడు ఆ ద్రవానికి పోయే దారి లేక బ్లాకే పగలొచ్చు. అంత కాకపోయినా టార్క్ రెంచ్ ముందే టక్కుమంటుంది, హెడ్ మాత్రం బిగవదు. డోవెల్‌లు ఉన్నాయో లేదో చూసి, గాస్కెట్ పొడిగానే పెట్టండి. పైకి ఉండాల్సిన ముఖం పైకే ఉండాలి.

క్యామ్ బిగించి ఉన్న హెడ్‌ను బ్లాకు మీద కూర్చోబెట్టేటప్పుడు పిస్టన్లు ఎక్కడుండాలి? నాలుగు సిలిండర్ల బెల్టు ఇంజన్‌కు నేను ఎంచుకునే పద్ధతి ఇది. క్రాంక్ పిన్ను తీసి, టీడీసీ నుంచి క్రాంక్‌ను పావు చుట్టు, అంటే 90 డిగ్రీలు వెనక్కి తిప్పుతాను. అప్పుడు నాలుగు పిస్టన్లూ సిలిండర్ల మధ్యలో ఉంటాయి, ఏ వాల్వు ఎంత తెరుచుకుని ఉన్నా తగలదు. హెడ్ బిగించి, క్యామ్‌ను దాని పిన్ను స్థానానికి తెచ్చి, ఆ తర్వాత క్రాంక్‌ను అదే పావు చుట్టు ముందుకు తెచ్చి టీడీసీలో పిన్ను పెట్టాలి. క్రమం ముఖ్యం. ముందు క్యామ్, తర్వాత క్రాంక్. చైను ఇంజన్‌లో క్రాంక్ కదిపితే చైనుతో ఇబ్బంది కాబట్టి చాలాసార్లు టీడీసీలోనే ఉంచి, క్యామ్‌ను లాక్ చేసిన హెడ్‌నే నేరుగా కూర్చోబెట్టమంటారు. మీ మాన్యువల్ ఏది చెబితే అది చేయండి. రెండు పద్ధతులనూ సగం సగం కలపొద్దు.

హెడ్ బోల్టులు చాలావరకు సాగే రకం కాబట్టి కొత్తవే వాడాలి. మధ్య నుంచి బయటికి, మాన్యువల్‌లో ఉన్న మెట్ల ప్రకారం ముందు టార్క్, తర్వాత డిగ్రీల్లో కోణం. కోణాన్ని కంటితో అంచనా వేయకండి.

హైడ్రాలిక్ ట్యాపెట్లు ఉండి, క్యామ్‌ను కొత్తగా బిగించి ఉంటే అరగంట ఆగండి. నూనె నిండిన ట్యాపెట్లు క్యామ్ లోబు కింద నొక్కుకుపోయి సర్దుకోవడానికి సమయం పడుతుంది. ఈలోగా తిప్పితే మూసుకోవాల్సిన వాల్వు కొంచెం తెరుచుకునే ఉండి పిస్టన్‌కు తగలొచ్చు.

బెల్టు వేసి, బిగువు పెట్టడం

ఇక్కడ తొందర పనికిరాదు. చాలా ఇంజన్లలో క్యామ్ స్ప్రాకెట్ టేపర్ (కొన వైపు సన్నబడే భాగం) మీద కూర్చుంటుంది, లేదా బోల్టు చిల్లులు కోలగా ఉంటాయి. క్యామ్‌ను పిన్నుతో లాక్ చేసి, స్ప్రాకెట్‌ను మాత్రం చేత్తో తిరిగేంత వదులుగా ఉంచాలి. చిల్లులు కోలగా ఉంటే బోల్టులు వాటి మధ్యలోకి వచ్చేలా చూడండి.

బెల్టును క్రాంక్ దగ్గర మొదలుపెట్టి బిగువు వైపు నుంచే తీసుకెళ్ళాలి. మీ ఇంజన్ అమరికలో పంపు ముందొస్తే పంపు, తర్వాత క్యామ్. ఒక్కో స్ప్రాకెట్ మధ్య బెల్టు చదునుగా, బిగువుగా ఉండాలి. మిగిలిన వదులంతా టెన్షనర్ ఉన్న వైపే పోగవ్వాలి. ఇప్పుడు టెన్షనర్‌ను దాని గుర్తు వరకు బిగించండి. బిగువు ఎక్కుతుంటే వదులుగా ఉన్న స్ప్రాకెట్ కొంచెం తిరగడం కనిపిస్తుంది. తిరగాలి కూడా. బెల్టు సర్దుకున్నా క్యామ్ మాత్రం కదలకుండా ఉండటం కోసమే ఈ ఏర్పాటంతా. స్ప్రాకెట్ ముందే బిగించేసి తర్వాత టెన్షన్ పెడితే ఆ కదలికంతా క్యామ్ మీదే పడుతుంది. మార్కు కంటికి కలిసినట్టే ఉంటుంది, పిన్ను మాత్రం బిర్రుగా ఇరుక్కుంటుంది.

బిగువు కుదిరాక హోల్డర్‌తో పట్టుకుని స్ప్రాకెట్ బోల్టులు టార్క్‌కు లాగండి. పిన్నులన్నీ తీసేయండి. ఎన్ని పెట్టారో అన్నీ బల్ల మీద ఉన్నాయా అని చూసుకోండి.

రెండు చుట్ల పరీక్ష

సెల్ఫ్ ముట్టుకోకుండా, చేత్తో, నడిచే దిశలో క్రాంక్‌ను పూర్తిగా రెండు చుట్లు తిప్పండి. క్యామ్ ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటి చోటికి వస్తుంది. పొడవు పానాతో కాకుండా మామూలు ర్యాచెట్‌తో తిప్పితే చేతికి స్పర్శ బాగా తెలుస్తుంది. గ్లో ప్లగ్‌లు తీసి ఉంటే చేతికి ఒకేలాంటి మెత్తని అడ్డే తగలాలి. కంప్రెషన్ అడ్డు స్ప్రింగులా ఉంటుంది, కాసేపు ఆగితే గాలి జారి తగ్గుతుంది. లోహం తగిలిన అడ్డు అలా ఉండదు. ఠక్కున ఆగుతుంది, ఎంతసేపు ఆగినా తగ్గదు. అలాంటిది తగిలితే ఒక్క ఇంచు కూడా బలవంతంగా తిప్పొద్దు. వెంటనే ఆపి, పిన్ను స్థానాలు మళ్ళీ చూడండి.

రెండు చుట్లు అయ్యాక టీడీసీలో క్రాంక్ పిన్ను పెట్టి, క్యామ్ పిన్ను కూడా పెట్టండి. వేళ్ళతో దిగితే టైమింగ్ కుదిరినట్టు. తొంభై శాతం దిగి చివర్లో ఆగితే "ఫర్వాలేదు" అనుకోకండి. స్ప్రాకెట్ వదులు చేసి, టెన్షన్ మళ్ళీ పెట్టాలి. టెన్షనర్ గుర్తు కూడా ఈ రెండు చుట్ల తర్వాత కొంచెం జరిగి ఉండొచ్చు, సరిచేయండి.

డీజిల్ పంపు టైమింగ్

బాష్ వీఈ లాంటి రోటరీ పంపులకు డయల్ గేజ్ పద్ధతి ఉంది. పంపు వెనక, డీజిల్ పైపుల మధ్యలో ఒక చిన్న ప్లగ్ ఉంటుంది. చుట్టూ శుభ్రంగా తుడిచాకే దాన్ని తీయండి, లోపలికి ఇసుక రేణువు పోయినా పంపు పాడవుతుంది. చల్లని స్టార్టింగ్ కోసం ఉండే అడ్వాన్స్ లీవరు పని చేయకుండా వదులు స్థానంలో ఉండాలి.

1. అడాప్టర్‌తో డయల్ గేజ్ బిగించి, ముల్లు కొంత ముందుకు నొక్కుకుని ఉండేలా పెట్టండి.
2. ఒకటో సిలిండర్ కంప్రెషన్ టీడీసీ నుంచి క్రాంక్‌ను నెమ్మదిగా వెనక్కి తిప్పండి. ముల్లు కదలడం మానేసిన చోట పంపు ప్లంజర్ పూర్తిగా కింద ఉన్నట్టు. అక్కడ గేజ్ సున్నా చేయండి.
3. నడిచే దిశలో ముందుకు తిప్పి, మాన్యువల్ చెప్పిన స్థానానికి రండి. చాలా ఇంజన్లలో అది టీడీసీయే. మార్కు దాటకుండా ఆగాలి.
4. గేజ్ ఎంత చూపిస్తుందో చదవండి. ఈ విలువ ఇంజన్‌ను బట్టి మారుతుంది. చాలావాటిలో మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది.
5. తేడా ఉంటే పంపు బిగింపు బోల్టులు వదులు చేసి పంపు బాడీని కొంచెం తిప్పండి. పంపు షాఫ్ట్ తిరిగే దిశకు ఎదురు దిశలో తిప్పితే ఇంజెక్షన్ ముందుకు వస్తుంది. అదే దిశలో తిప్పితే ఆలస్యమవుతుంది.
6. బిగించాక మళ్ళీ రెండో అంకె నుంచి మొత్తం చేసి చూడండి. బోల్టులు లాగేటప్పుడే పంపు కొంచెం జరగడం చాలా మామూలు.

కామన్ రైల్‌లో ఇదంతా లేదు గానీ ఇంజెక్టర్లను ఏ సిలిండర్‌వి ఆ సిలిండర్‌కే వేయాలి. మారితే వాటి కోడ్లు ఈసీయూలో మళ్ళీ ఎక్కించాలి. స్టార్ట్ చేశాక ఈసీయూ నుంచి పీ0016 అనే లోపం కోడ్ వస్తే క్రాంక్, క్యామ్ సిగ్నళ్ళు పొంతన కుదరడం లేదని అర్థం. సెన్సార్ కొనే ముందు పిన్నులు పెట్టి చూడండి. హెడ్ మార్చిన వెంటనే వచ్చిన కోడ్ అంటే నేనైతే ముందు మెకానికల్ టైమింగ్‌నే అనుమానిస్తాను. క్యామ్ లోబు నేరుగా నొక్కే యూనిట్ ఇంజెక్టర్లు ఉంటే వాటి రాకర్ సెట్టింగ్ కూడా ఇంజెక్షన్ టైమింగ్‌లో భాగమే, దాన్ని వదిలేయకండి.

ట్యాపెట్లు, మొదటి స్టార్ట్

స్క్రూతోనో షిమ్ముతోనో గ్యాపు పెట్టే ఇంజన్ అయితే 1-3-4-2 ఆర్డర్‌లో ఈ వరస గుర్తు పెట్టుకోండి. నాలుగు ఊగితే ఒకటి, రెండు ఊగితే మూడు, ఒకటి ఊగితే నాలుగు, మూడు ఊగితే రెండు సెట్ చేయాలి.

ముందు డీజిల్ రాకుండా చేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్ కొట్టండి. తర్వాత గాలి తీసి స్టార్ట్ చేయండి. మొదటి కొన్ని నిమిషాల్లో తెల్ల పొగ, కొద్దిగా శబ్దం వస్తే అది పైపుల్లో మిగిలిన గాలి కావచ్చు. ఇంజన్ వేడెక్కినా తెల్ల పొగ తగ్గక, పుల్లింగ్ లేకపోతే ఇంజెక్షన్ ఆలస్యమైందేమో చూడాలి. సుత్తితో కొట్టినట్టు గట్టి శబ్దం వస్తుంటే ముందుకు వచ్చిందేమో చూడాలి. స్టార్టే కాకపోతే మళ్ళీ విప్పే ముందు కంప్రెషన్ కొలవండి. అన్ని సిలిండర్లలో ఒకేలా తక్కువ ఉంటే క్యామ్ టైమింగ్ తప్పిందని అనుమానించాలి. ఒక్కదాంట్లోనే తక్కువ ఉంటే వాల్వో గాస్కెట్టో చూడాలి.

పాత పద్ధతి గాస్కెట్లున్న పుష్‌రాడ్ ఇంజన్లలో కొన్ని గంటలు నడిపాక హెడ్ మళ్ళీ టార్క్ చేయమని మాన్యువల్ చెబుతుంది. గాస్కెట్ నలిగి హెడ్ కొంచెం కిందికి దిగితే క్యామ్ బ్లాకులోనే ఉంటుంది కాబట్టి ట్యాపెట్ గ్యాపు తగ్గిపోతుంది. గ్యాపు పూర్తిగా పోతే వాల్వు మూసుకోక కాలిపోతుంది. రీ-టార్క్ అయిన వెంటనే, వాల్వ్ కవర్ మూయక ముందే, ట్యాపెట్లన్నీ ఇంకోసారి ఫీలర్ గేజ్‌తో చూడండి.